పెళ్ళికొడుక్కి ఫొటో

బల్లికి ఫొటోలు తీయడానికి మంచి కెమెరా కొందామని నేను అనగానే మా ఆవిడ సాయిలక్ష్మి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తెలిశాక ఇంకా భయపడింది.

ఆవిడ భయంలో తప్పు లేదు లెండి. ఆ బల్లిని ఇంట్లోంచి పంపించెయ్యమని ముందురోజు దాకా పోరుపెట్టినవాణ్ణి నేనే.

మాది విడవలూరు. వరి పండిస్తాను, బజార్లో చిన్న విత్తనాల కొట్టు ఉంది. రెండు పూటలా పూజ చేసుకోనిదే మంచినీళ్ళు కూడా ముట్టను. మా అమ్మాయి ప్రత్యూష చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. అది అక్కడ గదిలో ఒక బల్లిని పెంచుకుంది. మన గోడల మీద తిరిగే బల్లి కాదు, జానెడు పొడవున్న పరదేశపు బల్లి. పసుపు ఒళ్ళు, నల్లచుక్కలు, ముల్లంగి దుంపలాంటి తోక. ప్రభుత్వం వారి దగ్గర దాన్ని నమోదు చేయించి మరీ పెంచింది. తర్వాత హాస్టలుకు మారాల్సి వచ్చింది. హాస్టలమ్మ బల్లికి చోటివ్వనంది. గాజుపెట్టెతో సహా అది మా ఇంటికి వచ్చేసింది.

పేరు మా ఆవిడే పెట్టింది, పెళ్ళికొడుకు అని.

"అదేం పేరే?" అన్నాను.

"ఒళ్ళంతా పసుపు, బుగ్గన చుక్క, ఎవురేం అడిగినా నోరు తెరవడు. మన పెళ్ళిలో మీరు అట్టనే కూర్చున్నారు."

ఆ తర్వాత నోరు తెరిచే అవకాశం నాకు రాలేదన్న సంగతి ఆవిడ ఎత్తలేదు.

పేరుతో నాకు పేచీ లేదు. పేచీ అంతా చోటుతో. ఆ పెట్టె ఎప్పుడూ వెచ్చగా ఉండాలట, దానికి కరెంటు కావాలట. మా ఇంట్లో ఖాళీగా ఉన్న ప్లగ్గు ఒక్కటే, అది దేవుడి గూటి పక్కన ఉంది. కాబట్టి స్వామికి కుడివైపు దీపం, ఎడమవైపు పెళ్ళికొడుకు. ధ్యానం ముగించి కళ్ళు తెరిస్తే ముందుగా దర్శనమిచ్చేది ఎవరో మీరే ఊహించుకోండి. అదేమో రెప్పవేయడం కూడా దండగన్నట్టు నన్నే చూస్తూ ఉంటుంది.

ఇక దాని తిండి కీచురాళ్ళు. బతికున్నవే తింటుంది. నెల్లూరు నుంచి బస్సులో పార్సిలు వస్తే నేనే వెళ్ళి తెచ్చేవాణ్ణి. నేను సహస్రనామం మొదలుపెడితే డబ్బాలో అవీ మొదలుపెడతాయి. నేను ఆపినా అవి ఆపవు. భక్తిలో నాకంటే అవే మేలని మా ఆవిడ తీర్పు. పురుగుల్ని తినే పాపం బల్లిదా, పార్సిలు మోసిన నాదా అని నాకొక సందేహం. మా ఊరి శాస్త్రిగారిని అడిగితే బల్లి ధర్మం బల్లిది అన్నారు. నా ధర్మం సంగతి అడిగే ధైర్యం చాలలేదు.

ఇంకొక సందేహం మాత్రం అడిగాను. "అయ్యా, పరదేశపు బల్లి మీద పడితే మన బల్లిశాస్త్రం వర్తిస్తుందా?"

ఆయన పంచాంగం తిరగేసి చూశారు. "అది ఎక్కడ పడిందన్నదే లెక్క నాయనా, ఎక్కణ్ణించి వచ్చిందన్నది కాదు."

ఈ బల్లి గోడ ఎక్కలేదు, కాబట్టి పైనుంచి పడదు. అయితే మా ఇంట్లో దాన్ని ఎత్తి నా భుజం మీద పెట్టే మనిషి ఉంది. పెట్టాక, "ఇంద, నా చెయ్యి ముట్టుకోండి. దోషం పోతాది" అంటుంది. ఆవిడ కంచికి వెళ్ళినప్పుడు గుడిలో బంగారుబల్లిని తాకి వచ్చింది. అట్లా తాకినవాళ్ళను తాకితే బల్లి పడిన దోషం అంటదని మనవాళ్ళ నమ్మకం. నేనూ కంచికి వెళ్ళాను కానీ, ఆ వేళకు బయట అందరి చెప్పులకూ కాపలా ఉన్నాను.

పెళ్ళికొడుకుని గౌరవంగా సాగనంపి స్వామి పక్కన ఆ చోటు ఖాళీ చేయించాలని నేను నిర్ణయించుకున్నది ఇందుకే.

నెల్లూరులో కిషోర్ బాబు అని రంగుచేపల కొట్టతను ఉన్నాడు. ఎవరో చెబితే రహస్యంగా ఫోన్ చేశాను. అతని దగ్గర ఇలాంటిదే ఆడబల్లి ఉందట. మగది దొరికితే కళ్ళకద్దుకుని తీసుకుంటానన్నాడు. "కాకపోతే ఫొటో పంపన్నా. మొహం, తోక, పొట్ట తేటగా కనబడాల. చూసుకోకుండా సంబంధం ఎట్టా కలుపుకుంటాం?"

సాయిలక్ష్మి నీళ్ళు పట్టుకునే వేళ చూసి ఫోన్‌తో ఒక డజను ఫొటోలు తీసి పంపాను.

"అన్నా, దీంట్లో బల్లి ఏది?" అని అడిగాడు.

"మీసాలున్నది నేను. నా నుదుటి మీద పసుపు మరకలా ఉందే, అది."

గాజు మీద నా మొహం పడింది. దగ్గరికి జరిగి తీస్తే మొత్తం మసక. పెట్టె మూత తీసి తీస్తే ఫొటోలో తోక మాత్రం ఉంది. వెలుగు కోసం ఫ్లాష్ వేస్తే పెళ్ళికొడుకు రెండు రోజులు రాతి కింద నుంచి బయటికి రాలేదు.

అందుకే కెమెరా. "అమ్మాయి పాపం దూరంగా ఉంది కదా. మంచి ఫొటోలు తీసి పంపితే సంతోషపడుతుంది" అన్నాను.

సాయిలక్ష్మి నావైపు ఒక్క క్షణం చూసింది. "మీ మనసు వెన్న" అంది. ఆ గొంతులో ఏదో తేడా ఉందని నాకు తోచింది కానీ, వెన్న అన్న మాటకు కరిగిపోయాను.

"అయితే రేపే పోదాం. పెళ్ళికొడుకుని కూడా తీసకపోదాం" అంది.

"కెమెరా కొట్టుకి బల్లెందుకే?"

"చీర కొనాలంటే భుజాన వేసుకుని చూడమా? కెమెరా కొనాలంటే బల్లికి పట్టి చూడొద్దా?"

నేను లోపల ఎగిరి గంతేశాను. పెరట్లోకి వెళ్ళి కిషోర్ బాబుకి ఫోన్ చేశాను. "రేపు పొద్దున నువ్వు కూడా కొట్టుకి రా. ఏదో కొనడానికి వచ్చినట్టు నిలబడు. పిల్లవాణ్ణి కళ్ళారా చూసుకోవచ్చు."

మర్నాడు బండి మీద బయలుదేరాం. వెనక సాయిలక్ష్మి, ఆవిడ ఒళ్ళో చిల్లులు పెట్టిన స్టీలు డబ్బా. గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగా, మెల్లగా! ఎగరెయ్యబాకండి" అని నా వీపు గిల్లింది. పెళ్ళయినప్పటి నుంచి నా వెనక కూర్చుంటోంది, నా గురించి ఎప్పుడూ అంత జాగ్రత్త చెప్పలేదు.

నరేంద్రబాబు కెమెరాల కొట్టు ట్రంకు రోడ్డులో ఉంది. అతను పెళ్ళిళ్ళకు ఫొటోలు కూడా తీస్తాడు. మేం వెళ్ళేసరికి పెళ్ళివారు ఆల్బం ఎంచుకుంటూ కూర్చున్నారు. పెళ్ళికూతురి తల్లి రోజారమణిగారు పెద్ద టీవీ మీద ఫొటోలు చూస్తూ తన ఫొటో వచ్చినప్పుడల్లా ఆపమంటోంది. మూల అద్దాల బీరువా దగ్గర కిషోర్ బాబు ఒక బ్యాటరీని పట్టుకుని అదేదో వజ్రమైనట్టు తిప్పి చూస్తున్నాడు.

"ఎవురికి సార్ ఫొటోలు?" అన్నాడు నరేంద్రబాబు.

"మా పెళ్ళికొడుక్కి" అంది సాయిలక్ష్మి.

"శుభం అక్కా!" అని అతను పెద్ద జూము కెమెరా తీశాడు. చందమామ మీద మచ్చలు కూడా కనిపిస్తాయన్నాడు.

"మావాడు చందమామంత దూరంలో ఉండడు. అరచేతిలో ఉంటాడు" అంది ఆవిడ.

నరేంద్రబాబు మొహంలో సంతోషం కాస్త తగ్గింది. నేను అసలు విషయం చెప్పాను. మంచి వ్యాపారి, వెంటనే తేరుకున్నాడు. "అట్టయితే దీంతో రాదు సార్. మీరు బల్లికి ఎదురింట్లో నిలబడి తీయాల." అద్దాలు మార్చుకునే కెమెరా ఇంకొకటి చూపించాడు. దగ్గరి వస్తువుల కోసం దానికి విడిగా ఒక అద్దం ఉందట, బిగిస్తే చీమ కాలి వెంట్రుకలు లెక్కపెట్టొచ్చట. ధర చెప్పాడు. నేను కుర్చీ అడిగాను.

చివరికి గుప్పెట్లో పట్టే కెమెరా ఒకటి తెచ్చాడు. బొటనవేలంత దూరం నుంచి కూడా తేటగా తీస్తుందట. ముందు చిన్న దీపపు చట్రం బిగించుకోవచ్చు, వెలుగు మెత్తగా పడుతుంది, కళ్ళకు కొట్టదు. గాజుకు ఆనించి తీస్తే మన మొహం అందులో పడదు.

"ఆ ఆఖరిది ముఖ్యం" అంది సాయిలక్ష్మి నన్ను చూస్తూ. ఆ ఫొటోల సంగతి ఆవిడకెలా తెలుసా అని ఆలోచించబోయేంతలో డబ్బా మూత తీసేసింది.

పెళ్ళికొడుకు తల ఎత్తి కొట్టంతా చూశాడు. గల్లాపెట్టె మీద నాలుగు అడుగులు పెద్దమనిషిలా నడిచాడు. దగ్గర్లో చెయ్యి కనిపిస్తే, వెచ్చగా ఉందనుకున్నాడేమో, నరేంద్రబాబు చొక్కా చేతిలో దూరి, మెడ దగ్గర బయటపడి, నెత్తిన ఎక్కి కూర్చున్నాడు.

"నెత్తి మీద బల్లి!" అని రోజారమణిగారు వేసిన కేకకు నరేంద్రబాబు ఎగిరాడు. పెళ్ళికొడుకు జారి ఆవిడ ఒళ్ళో ఉన్న ఆల్బంలో పడ్డాడు. ఆల్బం ఆవిడ ఆడపడుచు మీదికి వెళ్ళింది. ఆడపడుచు కుర్చీ ఎక్కింది, కుర్చీ ఆవిణ్ణి దించింది. ఎవరి మీద ఎక్కడ పడింది, ఎడమా కుడా, దానికి ఫలమేమిటి అని కొట్టంతా గగ్గోలు.

"ఎవురూ భయపడబాకండి!" అంది సాయిలక్ష్మి. "నేను కంచిలో బంగారుబల్లిని తాకి వచ్చినాను. అందురూ నన్ను ముట్టుకోండి!"

అంతే, వరస కట్టారు. నరేంద్రబాబు కళ్ళు మూసుకుని ముట్టుకున్నాడు. రోజారమణిగారు రెండు సార్లు ముట్టుకుంది. బల్లి పడనివాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా ముట్టుకున్నారు. ఎదురు కొట్టువాడు సంగతేమిటో తెలియకుండానే వచ్చి వరసలో నిలబడ్డాడు. ఈ గోలలో పెళ్ళికొడుకుని పట్టుకోవాలన్న ఆలోచన వచ్చింది నా ఒక్కడికే. ఆల్బం కింద నక్కి, గబగబా ఊపిరి తీస్తున్నాడు. గుప్పెట్లోకి తీసుకుంటే చిన్న గుండె నా అరచేతికి తగిలింది. "ఏం కాలేదులే, ఏం కాలేదులే" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

నరేంద్రబాబు తేరుకున్నాక పని మొదలుపెట్టాడు. గాజుపలక మీద పెళ్ళికొడుకుని ఉంచి పైనుంచి మొహం, పక్కనుంచి తోక, కింది నుంచి పొట్ట తీశాడు. టీవీ మీద పెట్టాడు. పొట్ట ఫొటో టీవీ నిండా వచ్చింది. పలచటి చర్మం కింద రెండు తెల్లటి కోలగుండ్లు.

"అద్దం మీద దుమ్మేమో" అని అతను కెమెరా తుడిచి మళ్ళీ తీశాడు. మళ్ళీ రెండు.

మూలనుంచి కిషోర్ బాబు బ్యాటరీ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "అన్నా! గుడ్లన్నా! ఇది మగది కాదు, ఆడది!"

సాయిలక్ష్మి ఫోన్‌లో ప్రత్యూషకు ఫొటో పంపింది. వెంటనే అమ్మాయి ఫోన్ చేసింది. "అయ్యో అమ్మా! నా స్నేహితురాలి బల్లితో కొన్నాళ్ళు ఒకే పెట్టెలో ఉంచాం. ఇద్దరూ మగాళ్ళే కదా అనుకున్నాం!"

ఆడదైతే కిషోర్ బాబుకి అక్కర్లేదు, స్వామి పక్కన చోటు ఖాళీ కాదు. కానీ అతను మొహం వెలిగించుకుని, "ఇంకా మేలన్నా! తల్లినీ పిల్లల్నీ కలిపి తీసకపోతా" అన్నాడు.

నేను మనసులోనే స్వామికి కొబ్బరికాయ కొట్టాను. అప్పుడు సాయిలక్ష్మి అతని వైపు తిరిగింది.

"తీసకపో తమ్ముడూ, నాకేం అభ్యంతరం? కీచురాళ్ళు పంపేది నువ్వేనాయె, తిండికి లోటుండదు."

"కీచురాళ్ళు పంపేది ఇతనా?" అన్నాను.

"మరి నెలనెలా మీరు బస్సు కాడ తెచ్చే పార్సిలు మీద పేరు చదవలేదా? మీరు ఫొటోలు పంపిన పొద్దే నాకు చెప్పినాడు, 'అక్కా, బావ మొహం తప్ప ఏం కనబళ్ళా' అని."

కిషోర్ బాబు నేల చూశాడు. నేనూ అతనికి తోడుగా నేలే చూశాను.

"తీసకపో" అంది ఆవిడ మళ్ళీ. "కాకపోతే పురుడయినాక. మొదటి కానుపు పుట్టింట్లో కాకుండా యాడన్నా జరగతాదా? అమ్మాయి మన ఇంటికి పంపిందంటే ఇది పుట్టిల్లే. నిండుచూలాలిని మధ్యలో గడప దాటించొచ్చో లేదో మా ఆయన్నే అడుగు. ఆచారాల సంగతి ఆయనకంటే ఎవురికి తెలుసు?"

కొట్టంతా నావైపు తిరిగింది. రోజారమణిగారు, "చెప్పండి, పెద్దాయన కదా" అంది.

ఏం చెప్పను? ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆచారం గురించి పాఠం చెప్పే నోరు ఇది.

"పురుడయ్యాకే" అన్నాను.

కెమెరా కొన్నాం. ఇల్లు చేరాక సాయిలక్ష్మి పేరు మార్చలేదు. అలవాటైన పేరు, పిలుపు మారిస్తే పలకడేమో అంది. అసలది ఎప్పుడూ పలికింది లేదు. నాలుగు రోజుల్లో గుడ్లు పెట్టింది. వాటిని తడిమట్టి డబ్బాలో పెట్టి వెచ్చగా ఉంచాలని ప్రత్యూష చెప్పింది. ఆ వెచ్చటి చోటు దేవుడి గూటి కింది అర. స్వామికి ఎడమవైపుతో పాటు కిందివైపు కూడా పోయింది.

మొదట వారం ముక్కుతూనే పూజ చేశాను. తర్వాత పూజ కాగానే డబ్బా మూత తీసి ఒకసారి చూడడం మొదలైంది. తర్వాత పూజకు ముందు కూడా. ఒక గుడ్డు వాడిపోయినట్టు కనిపించిన రోజు అన్నం సయించలేదు. శాస్త్రిగారిని అడిగాను, ప్రాణి కోసం ప్రార్థన చేస్తే అందులో బల్లి కూడా వస్తుందా అని. "ప్రాణి అంటే ఎవరనుకున్నావు నాయనా?" అన్నారు.

వానలు మొదలయ్యాక, సహస్రనామం మధ్యలో ఒక గుడ్డు చిట్లింది. నామం అక్కడే ఆపి కెమెరా కోసం పరుగెత్తాను. వేలి పొడవు పిల్ల, చారలతో, తడితడిగా, కళ్ళు విప్పి స్వామిని చూస్తోంది. రెండోది మర్నాడు వచ్చింది, వాడిపోయిందనుకున్నదే.

కిషోర్ బాబు ఫోన్ చేశాడు. "అన్నా, పురుడయిపోయిందంట కదా. ఎప్పుడు రమ్మంటావు?"

"ఇప్పుడు ఆషాఢం కదబ్బా. ఆడపిల్లను ఎవరైనా పంపుతారా?"

"పోనీ శ్రావణంలో?"

"శ్రావణంలో నోములు."

"భాద్రపదం?"

"శూన్యమాసం. నీకు తెలియనిది ఏముంది?"

"అన్నా, ఇయ్యనని చెప్పరాదా?"

"ఎవరన్నారు ఇవ్వనని? మంచిరోజు చూస్తున్నాను" అన్నాను, గొంతు వీలైనంత గంభీరంగా పెట్టి. చిన్న బల్లిపిల్ల అప్పుడు నా భుజం మీద ఉంది.

ఎదురుగా కెమెరా క్లిక్కుమంది. సాయిలక్ష్మి తెర మీద ఫొటో పెద్దది చేసి చూసింది, నాకూ చూపించింది. పిల్ల కంటిరెప్ప, దాని పక్కనే నా మొహం. అబద్ధం చెబుతున్నవాడి మొహం అంత దగ్గరనుంచి, ఎక్కడా మసక లేకుండా వచ్చింది. నిజం చెప్పాలంటే కెమెరా మంచిదే కొన్నాం.