రాయిస్ మెడ మీద చమ్కీ

శనివారం పొద్దున వెల్డా వేసుకున్న పథకం చిన్నదే. ఫుట్‌బాల్ కోచ్ గారి భార్య అడిగిన మూత ఉన్న స్టీలు టంబ్లరు మీద ఊదారంగు చమ్కీ చల్లాలి, దానిపైన రెసిన్ జిగురు పూయాలి, అది మోటారు మీద తిరుగుతూ ఆరుతుంటే పక్కన కూర్చుని కాఫీ తాగాలి. ఓక్లహోమాలోని ఆ చిన్న ఊళ్ళో ఆమె చేతి టంబ్లరు లేని వంటిల్లు లేదు.

గ్యారేజీలో ఆమె చమ్కీ డబ్బా మూత తీసిందో లేదో, మొగుడు రాయిస్ వేట కోటు కోసమని తలుపు బార్లా తెరిచాడు. వెనకాలే గాలి దూసుకొచ్చింది. సగం డబ్బా లేచి అతని మీద వాలింది.

"కదలకు, దులుపుతా!"

"నేను వచ్చేదాకా జింకలు ఆగుతాయా? దార్లో అదే రాలుతుందిలే," అని తుపాకీ తీసుకుని బండెక్కాడు.

చమ్కీ అలా రాలే రకం కాదు. అడవికి పోయేముందు ఇమోజీన్ హోటల్లో ఫలహారానికి ఆగాడు రాయిస్. ఊరి పత్రిక మూతపడ్డాక ఆ లోటు తీరుస్తున్నది ఇమోజీనే. కాఫీ పోస్తూ ఆమె అతని మెడ చూసింది, చెవి వెనక చూసింది. సిటీ బార్లలో డాన్సులాడే అమ్మాయిలు ఒంటికి ఇలాంటి చమ్కీయే పూసుకుంటారని ఆమె విని ఉంది.

"ఇదేంటి రాయిస్, ఇలా మెరిసిపోతున్నావ్?"

"ఒకసారి అంటుకుంటే వదలదమ్మా. నాకు అలవాటైపోయింది," అన్నాడు నోటినిండా గుడ్డు పెట్టుకుని.

"వెల్డాకి తెలుసా?"

"తెలియకేం? దానికి అదే సంతోషం!"

ఇమోజీన్ కాఫీ జగ్గు బల్ల మీద పెట్టేసింది. రాయిస్ బండి మలుపు తిరిగేలోపే ఫోన్ అందుకుంది.

వెల్డా చేతి తొడుగులనిండా జిగురుతో, ఒంటినిండా చమ్కీతో ఉండగా గ్యారేజీ ముందు కార్లు వరసగా ఆగాయి. పాస్టరు గారి భార్య బెర్నడీన్ ముందు, చర్చి ఆడవాళ్ళు వెనక. అందరి చేతుల్లో రేకు కాగితం కప్పిన వంటకాల పళ్ళేలు. బెర్నడీన్ వస్తూనే ఆమెను గుండెకు హత్తుకుంది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే అదే పని చేశారు.

"ధైర్యం తెచ్చుకో తల్లీ. నీకు మేమున్నాం."

వెల్డా ఆ పళ్ళేల వంక చూసింది. ఎవరైనా పోతే తప్ప ఆ ఊళ్ళో అన్ని పళ్ళేలు ఒకే ఇంటికి రావు. తుపాకీతో వెళ్ళిన మనిషి గుర్తొచ్చి ఆమె బెర్నడీన్ వంక తిరిగింది.

"నా రాయిస్... చాలా బాధపడ్డాడా?"

"బాధా? కొంచెం కూడా లేదట. ఇంకో ప్లేటు గుడ్లు అడిగి మరీ తిన్నాడట!"

"ఆఖరి మాటేమన్నాడు?"

"అలవాటైపోయిందన్నాడటమ్మా," అని బెర్నడీన్ ముక్కు చీదింది.

వెల్డా గొల్లుమంది. సరిగ్గా అప్పుడే రాయిస్ బండి వచ్చి ఆగింది. ఎండలో అద్దంలా తళతళలాడుతున్న మనిషిని చూసి, జింకలు కౌంటీ దాటి పారిపోయాయి మరి. వెల్డా పరుగెత్తుకెళ్ళి అతణ్ణి వాటేసుకుంది. జిగురు తొడుగులు అతని వీపుకి అతుక్కుపోయాయి.

"నువ్వు బతికుంటే చాలయ్యా! నాకింకేం వద్దు!"

"ఇంత క్షమాగుణం బైబిల్లో కూడా అరుదే," అంది బెర్నడీన్ కళ్ళొత్తుకుంటూ. "ఇంతకీ ఎవరయ్యా ఆ అమ్మాయి?"

"ఏ అమ్మాయి?" అన్నాడు రాయిస్.

"నీ ఒంటికి ఆ చమ్కీ పూసిన బారు అమ్మాయి!"

వెల్డా ఏడుపు ఆపి, మొగుడి మెడ చూసింది. తర్వాత బెర్నడీన్ వంక చూసింది.

"మరి నీ చెంప మీదున్నదేంటి వదినా? నువ్వు ఏ బారుకి వెళ్ళొచ్చావు?"

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాస్టరమ్మ మొదలుకొని అందరూ ఊదారంగులో వెలిగిపోతున్నారు. ఎవరు ముందు నవ్వారో తెలియదు గానీ, ఆ నవ్వు ఆగేసరికి కప్పులో జిగురు గడ్డకట్టి, కుంచె అందులో జెండాకర్రలా నిలబడింది. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి తలా ఒక టంబ్లరు చేసిపెట్టమని చెప్పి వెళ్ళారు.

సాయంత్రం మొగుడూ పెళ్ళాలు ఏ పళ్ళెం ముందు తెరవాలో తేల్చుకోలేక అన్నీ తెరిచారు. రాయిస్ రెండో పళ్ళెంలోంచి వడ్డించుకుంటూ మాట మొదలుపెట్టాడు.

"వచ్చేటప్పుడు పెట్రోలు బంకు దగ్గర కుర్రాళ్ళు టోపీలు తీసి నాకు దారిచ్చారే. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. సిటీ అమ్మాయిని పట్టానని కాబోలు!"

"అయితే?"

"నిజం ఊరందరికీ ఇప్పుడే చెప్పాలా? సోమవారం దాకా ఆగమని బెర్నడీన్‌తో ఓ మాట చెప్పు."

వెల్డా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, సరేనంది.

మర్నాడు ఆదివారం, ఎవరూ లేపకుండానే లేచి, రాయిస్ చర్చికి తయారైపోయాడు.