దోసపాదులకు నీళ్ళు వదలడమైనది

నీటి పంపిణీ కార్యాలయంలో వ్యవసాయం బ్రహ్మాండంగా సాగుతున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పదకొండుమంది సిబ్బందిలో తొమ్మిదిమంది ఇప్పటికే రైతులయ్యారు. మిగిలిన ఇద్దరిలో ఒకరి ఫోను పాతది, మరొకరి చూపు పాతది.

ఈ రైతులందరిలోకీ మోతుబరి పెద్దగుమస్తా. ఆయనకు ఫోనులో ఆరు మడులు, ఒక కోళ్ళగూడు ఉన్నాయి. ఆ ఆటకు బ్లాక్‌చెయిన్ దన్ను ఉంది. అంటే ఏ మడి ఎవరిదో, దానికి ఎప్పుడు తడి పెట్టారో ఎక్కడెక్కడి కంప్యూటర్లూ ఒకేసారి రాసి పెట్టుకుంటాయి. రాసింది కొట్టేయడం, దిద్దడం ఎవరి తరమూ కాదు. కార్యాలయం దస్త్రాలను ఎలుకలు కొరుకుతుంటే చూస్తూ ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషికి ఇంతకంటే కావలసిందేముంది. జీతంలో కొంత పెట్టి మడులు కొన్నాడు. పంట అమ్మితే నాణేలు వస్తాయి, నాణేలతో విత్తనాలు వస్తాయి, విత్తనాలతో పంట వస్తుంది. ఇందులో నష్టానికి చోటెక్కడుందో చెప్పమని భార్యను అడిగాడు. ఆవిడ మజ్జిగ గ్లాసు ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఒప్పుకున్నట్టేనని ఆయన రాసుకున్నాడు.

ఆ సేద్యంలో ఉన్న కష్టం ఒక్కటే. నాలుగు గంటలకోసారి ప్రతి మొక్కనూ వేలితో తట్టి నీళ్ళు పెట్టాలి. లేకపోతే ఆకులు వేలాడేస్తాయి. ఆకులు వేలాడిన రోజు పెద్దగుమస్తాకు అన్నం సయించదు. అధికారి కూడా రెండు మడుల ఆసామీయే కాబట్టి, పదకొండింటికీ మూడింటికీ పావుగంట చొప్పున ‘తడి విరామం’ మంజూరు చేశాడు. ఆ పావుగంటా కిటికీ దగ్గర ఎవరున్నా నిలబడే ఉండాలి.

అలా ఒక రోజు పదకొండింటికి కిటికీ ముందు నిలబడింది ఒక పెద్దమ్మ. కాలువ చిట్టచివరి పొలం ఆమెది. అరెకరంలో దోసపాదులు వేసింది. అవి పూత మీద ఉన్నాయి. తూము తలుపుకు కార్యాలయం వారి తాళం ఉంది. పెద్దగుమస్తా కాగితం మీద సంతకం పెడితే కాలువ కాపలాదారు తాళం తీస్తాడు. ఐదు రోజుల్లో తడి అందకపోతే పాదులు దక్కవు. ఆమె అర్జీ ఇంతే.

“అయ్యా, పాదులు వాడిపోతున్నాయి,” అందామె.

“నావీ అంతే పెద్దమ్మా,” అన్నాడు పెద్దగుమస్తా తలెత్తకుండా. “ఒక్క పావుగంట ఆగు. రైతు బాధ నాకు తెలీదా?”

ఆమె కిటికీలోంచి తొంగి, ఆ ఫోనుకేసి కాసేపు చూసింది.

“ఇంత ఎండలో తడి పెడుతున్నావేంటయ్యా? మొదళ్ళు ఉడికిపోవూ?”

“ఇక్కడ ఎండ లేదు.”

“పురుగు?”

“అదీ లేదు.”

“మరి కలుపు?”

“ఉంది. వేలితో తడితే పోతుంది.”

“అయితే నాకూ అక్కడే ఓ అరెకరం ఇప్పించు నాయనా. నడుముకి కాస్త సుఖం.”

ఆమె వేళాకోళానికి అన్నది. ఈ కార్యాలయంలో ప్రజలు వేళాకోళమాడే ఆనవాయితీ లేదు. కిటికీ దగ్గర పలికిన ప్రతి మాటా వినతి కిందే లెక్క. పెద్దగుమస్తా దాన్ని అర్జీ వెనకవైపు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు.

రెండో రోజు ఆమె వచ్చేసరికి టమాటాల కోత. మూడో రోజు అధికారి గారి కోడికి జబ్బు చేసి కార్యాలయమంతా దిగులుగా ఉంది. నాలుగో రోజు మాత్రం ఆమెను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ గడప లోపల కుర్చీ వేయించుకున్న అర్జీదారు అంతవరకూ లేడు.

సంగతేమిటంటే, పెద్దగుమస్తా తన ఆరు మడుల్లో ఒకటి ఆమె పేర రాసేశాడు. సొంత నాణేలతో దోస విత్తనాలు కొని నాటాడు. ఒక్కో పాదుకూ ఆరు తడులు పెట్టాడు. అన్నీ చెరగని చిట్టాకెక్కాయి. అన్నదమ్ములకు గట్టు కూడా వదలని ఈ కాలంలో, ముక్కూమొహం తెలియని మనిషికి ఇంత చేసినవాణ్ణి మనం మెచ్చుకోకుండా ఉండలేం.

అధికారి లేచి ప్రసంగించాడు. “సోదర సోదరీమణులారా, ఈ కార్యాలయం పుట్టిన నాటినుంచీ కాలువ చివరి పొలానికి నీళ్ళు చేరిన దాఖలా లేదు. నేడు చేరాయి. దారిలో ఒక్క చుక్క ఇంకలేదు. ఒక్కడూ గండి కొట్టలేదు. కాలువతో పని లేకుండా నీళ్ళందించిన ఘనత మనకే దక్కింది. ఇక ఆ కాలువకు మరమ్మతులు కూడా అనవసరమని పైకి రాస్తున్నాను.”

చప్పట్లయ్యాక, ఏడో తడి పెద్దమ్మ చేతుల మీదుగా జరగాలన్నారు. ఆమె వేలితో తట్టింది. మొక్క కదల్లేదు. కొంగుకు తుడుచుకుని మళ్ళీ తట్టింది.

“నీ వేలు దీనికి తెలియడం లేదు పెద్దమ్మా, మరీ గట్టిపడిపోయింది,” అంది టైపిస్టు.

“కొడవలికి తెలుస్తుందే మరి,” అంది పెద్దమ్మ.

రైతు తరఫున పెద్దగుమస్తాయే తట్టాడు. ఫొటో తీశారు.

“బాగుంది గానీ, తూము తాళం ఎప్పుడు తీస్తారయ్యా?”

పెద్దగుమస్తా మనసు చివుక్కుమన్నా ఓర్పు వదల్లేదు. “చూడు పెద్దమ్మా, నువ్వడిగింది దోసపాదులకు నీళ్ళు. నీళ్ళు వదలడమైనదని చిట్టాలో రాశాం. దాన్ని ఎవరూ దిద్దలేరు. అర్జీ ముగిసింది. ముగిసిన అర్జీని తెరిచే అధికారం నాకు లేదు. కొత్తది పెట్టుకో.”

“పెడతాను. ఇప్పుడే తీసుకో.”

“మూడయింది,” అన్నాడాయన ఫోను అందుకుంటూ.

ఆరో రోజు ఆమె కాగితం తేలేదు. వేళ్ళతో సహా పీకిన ఒక పాదును కిటికీ గట్టు మీద పెట్టింది. చేత్తో తాకితే ఆకు పొడి అవుతోంది.

“ఇది కూడా రాసుకోండయ్యా. దీన్నీ ఎవరూ దిద్దలేరు,” అని వెళ్ళిపోయింది.

పెద్దగుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏం మొక్క అమ్మాయ్ ఇది?” అని టైపిస్టును అడిగాడు.

“తెలీదండీ. మన ఆటలో ఇలాంటిది లేదు.”

ఆ వారాంతాన ఆయన కూరగాయల బండి దగ్గర ఆగాడు. దోసకాయలు లేవు. పొలాల్లోంచి రావడం లేదని బండివాడు చెప్పాడు.

“ఎలా వస్తాయి? ఎవడికీ ఒళ్ళు వంగడం లేదు,” అన్నాడు పెద్దగుమస్తా, నిజంగానే నొచ్చుకుని. “నన్ను చూడు. ఈ వయసులో ఒక్క తడి తప్పించానేమో అడుగు.”

బండి చుట్టూ ఉన్న మనమంతా అవునవునన్నాం. ఈ రోజుల్లో కష్టపడే రైతు ఎక్కడున్నాడని వాపోయాం. ఏడు కావస్తోంది, తడి వేళ. ఒక చేత్తో ఖాళీ సంచి, రెండో చేత్తో పచ్చటి పొలం పట్టుకుని ఎవరిళ్ళకు వాళ్ళం బయల్దేరాం.