రెండు మార్కుల ఆట

గోదావరి డెల్టాలో అత్యుత్తమ గోల్ఫ్ మైదానం ఏదో నిష్పక్షపాతంగా, శాస్త్రీయంగా, శాశ్వతంగా తేల్చిపారేయాలని ఒక ఉన్నతస్థాయి కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది! డెల్టా మొత్తమ్మీద అలాంటి మైదానాలు ఉన్నవే రెండు. అయినా కమిటీలో సభ్యులు ముగ్గురు. ఛైర్మన్ గణేష్‌బాబు గారు గోల్ఫ్ ఆటను టీవీలో రెండుసార్లు చూశారు. మిగతా ఇద్దరికీ ఆ పాటి అనుభవం కూడా లేదు కాబట్టి వాళ్ళ నిష్పాక్షికతను ఎవరూ శంకించలేదు.

మొదటి మైదానం రాజమండ్రి హైవే పక్కనున్న స్వర్ణహంస క్లబ్బు. రెండోది కడియం దాటాక కాలువగట్టు కింద ఉన్న జయపాల్ మాస్టారిది.

మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు చెప్పి రిటైరైన మాస్టారు, పంచాయతీ దగ్గర పదెకరాల బీడు లీజుకు తీసుకుని బంతి పడే గుంటలు తొమ్మిదింటితో మైదానం తయారుచేశారు. కాగితం మీద ఒక్క గీత గీయలేదు. వాన పడినప్పుడల్లా గొడుగేసుకుని వెళ్ళడం, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడడం, అటు బోదె తవ్వడం, పచ్చిక పరవడం. నీళ్ళు పోయిన దారినే బంతి కూడా పోతుంది కదా! అందులోనూ ఏడో గుంటంటే ఆయనకు ప్రాణం. జెండాకేసి తిన్నగా కొడితే బంతి జారి బోదెలో పడుతుంది. ఎడంపక్క మిట్టకేసి కొట్టి మిగతా పని నేలకి వదిలేస్తే, మెల్లగా వంపు తిరిగొచ్చి గుంట పక్కన ఆగుతుంది. ఆ కిటుకు తెలిసిననాడు ఎంత పెద్దమనిషైనా గంతేయాల్సిందే.

ఆ లీజు ఈ నెలాఖరుతో అయిపోతోంది. కమిటీ చేత యాభై మార్కులు వేయించుకుంటేనే మళ్ళీ ఇస్తామనీ, లేకపోతే రొయ్యల చెరువులకి ఇచ్చేస్తామనీ పంచాయతీ వాళ్ళు చెప్పేశారు. మాస్టారికి అన్నం సహించడం లేదు.

కమిటీ కారు దిగింది. గణేష్‌బాబు గారు నాలుగువైపులా చూశారు.

"ముఖద్వారం ఏదండీ?"

"ఇదేనండి, ఈ తడిక."

"ఫౌంటెను?"

"లేదండి. బోదె ఉందండి."

"పోనీ, సెల్ఫీ పాయింటు?"

"సార్, ఒక్కసారి ఏడో గుంటకి రండి. ఒక్క బంతి కొట్టి చూడండి చాలు!"

గణేష్‌బాబు గారు జాలిగా మార్కుల కాగితం చూపించారు. ముఖద్వారానికి ముప్పై, విదేశీ చెట్లకి ముప్పై, ఫౌంటెనుకి ఇరవై, సెల్ఫీ పాయింటుకి పద్దెనిమిది. ఆటకి రెండు!

"ఆ రెండూ మీకు వేసేస్తున్నాం మాస్టారూ. మరీ సున్నా అయితే బాగోదు కదండీ," అన్నారు ఉదారంగా.

మాస్టారికి నూటికి రెండు. స్వర్ణహంసకి నూటికి నూరు. అక్కడా ఎవరూ బంతి ముట్టుకోలేదు, ఆట మార్కులు మాత్రం వేశారు.

సంగతి విని మాస్టారి భార్య రెబెక్కా భగ్గుమంది. ఆవిడ కడియంలో నర్సరీ నడుపుతోంది. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ మొక్కలు అద్దెకిస్తుంది.

"ఏవండీ, ఆ క్లబ్బులో విదేశీ చెట్లు మనవేనండి! పది రోజులకి అద్దెకి పట్టుకెళ్ళారు. గోనెసంచులతో సహా పాతేశారు. ఆ ముఖద్వారం థర్మోకోలు. ఫౌంటెను మొన్నే తునిలో ఒక రిసెప్షన్‌కి వెళ్ళొచ్చింది!"

"ఇప్పుడు చెబితే కుళ్ళుకుంటున్నాననుకుంటారు. ఊరుకో," అన్నారు మాస్టారు. ఏడో గుంట మీద రొయ్యలు ఈదుతున్నట్టు కళ్ళకు కట్టి ఆయన గుండె చెరువైంది.

శనివారం స్వర్ణహంసలో బహుమతి ప్రదానం, దానికి ముందు కమిటీ పెట్టిన పెద్ద పోటీ. శుక్రవారం మధ్యాహ్నం వాన దంచికొట్టింది. క్లబ్బు నేలని అందం కోసం బల్లపరుపుగా చదును చేయించారు. నీళ్ళు బయటికి పోయే దారి పెట్టడం ఎవరికీ తోచలేదు. తెల్లారేసరికి మైదానం ఊడ్పులకి సిద్ధమైన మడిలా ఉంది.

గణేష్‌బాబు గారు ఫోన్ చేశారు.

"మాస్టారూ, మీ దగ్గర నీళ్ళు నిలిచాయాండీ?"

"చుక్క లేదండి. రాత్రే బోదెలోకి దిగిపోయాయి."

"అయితే ఒక చిన్న సర్దుబాటు. ఆట మీ దగ్గర, పేరు క్లబ్బుది. ఫొటోల్లో తేడా రాకూడదు కదా, సామాను కూడా పంపించేస్తున్నాం."

గంటలో లారీ వచ్చింది. తడిక మీద ముఖద్వారం లేచింది. రెబెక్కా దగ్గరుండి తన చెట్లు తనే దింపించుకుంది. ఫౌంటెను బోదె పక్కన నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టింది. దాని ముందు సెల్ఫీ పాయింటు వెలిసింది. ఆటగాళ్ళు మాత్రం వాటి వంక చూడనేలేదు. అందరూ ఏడో గుంట దగ్గరే మూగారు. చివరికి గణేష్‌బాబు గారూ కర్ర పట్టారు. మొదటి బంతి బోదెలో. రెండోదీ బోదెలోనే. మూడోది మిట్టకేసి కొట్టారు. అది వంపు తిరిగొచ్చి జెండా పక్కన ఆగింది. ఛైర్మన్ గారు టై ఎగిరేలా గంతేశారు!

అదే అదనుగా మాస్టారు ఖాళీ మార్కుల కాగితం చేతికిచ్చారు.

"అదే ముఖద్వారం, అవే చెట్లు, అదే ఫౌంటెను, అదే సెల్ఫీ పాయింటు సార్. వరసగా వేసుకుంటూ రండి."

గణేష్‌బాబు గారు "ఇవి అద్దెవి కదండీ" అనబోయి నాలిక కరుచుకున్నారు. చుట్టూ విలేకరులు! తక్కువ వేస్తే క్లబ్బుకి వేసిన నూరూ తప్పవుతుంది. చెమట తుడుచుకుంటూ నూటికి నూరు వేసి సంతకం పెట్టారు. పక్కనే ఉన్న పంచాయతీ ప్రెసిడెంటు అచ్చాయమ్మ గారు కాగితం రెండుసార్లు చదువుకుని, "రొయ్యలకి ఇంకోచోటు చూద్దాంలెండి," అన్నారు. మాస్టారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

సాయంత్రానికి చెట్లూ ఫౌంటెనూ సెల్ఫీ పాయింటూ ముఖద్వారమూ లారీ ఎక్కేశాయి. మైదానంలో పచ్చికా, బోదే, తడికా మిగిలాయి. అందరూ వెళ్ళిపోయారు గానీ గణేష్‌బాబు గారు మాత్రం కదల్లేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"మాస్టారూ, ఎవరికీ చెప్పకండేం... ఆదివారాలు పొద్దున్నే వచ్చి, ఆ ఏడో గుంట కాస్త ఆడుకోవచ్చాండీ?"

"భలేవారే! దానికేముందండీ, ఆడుకోండి," అన్నారు మాస్టారు. "ఎంతైనా రెండు మార్కులదేగా!"