కారని తొట్టి

ఆళ్లగడ్డ ప్రార్థన మందిరం వెనకున్న బాప్తిస్మపు తొట్టి మేస్త్రీ సంజీవయ్య కట్టింది. నాపబండలు పరిచి, గానుగ సున్నం దట్టించి, ఏడాది కిందట తన చేతులతో లేపాడు. అది బొట్టు కూడా కారదని ఊరంతా అనుకుంటోందని ఆయనే ఊరంతా తిరిగి చెప్పుకునేవాడు. పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ఆ గొప్ప నంద్యాల దాకా పాకింది. తమ మందిరానికీ అలాంటిదే కట్టించాలని, శనివారం పొద్దున మొదటి బస్సుకు వచ్చి చూసిపోతానని అక్కడి సంఘపెద్ద ప్రభుదాసు కబురంపాడు. మర్నాడు ఆదివారం ఆ తొట్టిలోనే పద్నాలుగుమందికి బాప్తిస్మం.

గురువారం సంజీవయ్య తోటబావి నుంచి పీపాలతో తియ్యటి నీళ్లు తోలించి, తొట్టి నింపి, నీటిమట్టం దగ్గర బొగ్గుతో గీత గీశాడు. శుక్రవారం తెల్లవారి చూస్తే నీళ్లు నాలుగు వేళ్లు కిందికి దిగాయి.

పక్కన నిండు బకెట్ ఒకటి పెట్టి పొద్దుగూకేదాకా కాపలా కాశాడు. రెండింట్లోనూ ఒక్కలాగే వెంట్రుకవాసి తగ్గింది. అంటే పగలు కారదు, రాత్రే కారుతుంది! తన పనితనానికి ఇదెక్కడి రోగమో ఆయనకు అంతుపట్టలేదు.

"ఏందీ, పొద్దస్తమానం ఆ తొట్టి కాడ్నే కూచుంటాండావ్?" అంది భార్య హన్నమ్మ.

"ఏం లే. నా పని నేను చూసుకుంటాండా."

కారుతోందన్న మాట పెళ్లాంతో అన్నా పరువు పోతుందని ఆయన భయం.

సాయంత్రం బట్టల నీలిమందు ఆరు పొట్లాలు తెచ్చి నాలుగు మూలలా పోశాడు. పగులు ఎక్కడుంటే నీలం అటు చారకట్టి లాగుతుందని ఆయన లెక్క. తెల్లవారి చూస్తే ఇంకో నాలుగు వేళ్లు దిగి, తొట్టంతా ఒకటే నీలం. అన్నివైపులా లాగిందంటే అన్ని సందులూ కారుతున్నట్టే!

బస్సు వచ్చే వేళయింది. సంజీవయ్య గడ్డపార తెచ్చి బండలన్నీ తట్టాడు. తూర్పు గోడలో ఒకటి డొల్లగా పలికినట్టనిపించి బయటి నుంచి పొడిచాడు. కదల్లేదు. 'ఎంత గట్టిగా కట్టాను!' అని ఆ కంగారులోనూ మురిసిపోయాడు. మూడో పోటుకు బండ ఊడింది. దాని వెంట నీళ్లూ వచ్చాయి. అప్పుడే వెనక గేటు దాటిన ప్రభుదాసు తెల్లపంచె మోకాళ్ల దాకా నీలమైంది.

హన్నమ్మ ఇంట్లోంచి పరుగున వచ్చి ప్రభుదాసుకు చెంబుతో మంచినీళ్లిచ్చింది. ఆయన చెంబులోకి చూశాడు.

"ఇది తాగేదా తల్లీ, బట్టలకు పెట్టేదా?"

సంజీవయ్య కూడా తొంగి చూశాడు.

"యాడివే ఈ నీళ్లు?"

"తొట్టివే. బోరింగు నీళ్లు ఉప్పగుంటాండాయి. ఆదివారానికని చుట్టాలు దిగిరి. నేను, పక్కిండ్ల జీవమ్మ, ఓబులమ్మ చీకటితోనే తలా నాలుగు కడవలు ముంచుకొని పోతాండాం."

"నాతో చెప్పల్యా?"

"నువ్వు అడిగితివా?"

సంజీవయ్య మొహం వెలిగిపోయింది. చీలమండల దాకా నీలినీళ్లలో నిలబడి రొమ్ము విరుచుకున్నాడు.

"ఇన్యావా ప్రభుదాసప్పా? నా తొట్టి కారల్యా!"

ప్రభుదాసు పంచె పిండుకుంటూ, "కారల్యాన్నా, నువ్వే పగలగొడ్తివి. మూడు పోట్లకు గానీ రాని బండను గేటు కాడ్నుంచి కండ్లారా చూస్తి. మా తొట్టి నువ్వే కట్టు. గడ్డపార మాత్రం తేవాకు" అన్నాడు.

ఆదివారం పద్నాలుగుమందికీ ఊరి పక్క వక్కిలేరు వాగులో బాప్తిస్మమిచ్చారు. ఒడ్డున, దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పండని పాస్టరు అడిగితే, సంజీవయ్య లేచి తన తొట్టి కారలేదని చెప్పాడు.