ఉపన్యాసంతో పెరిగిన వేపచెట్టు

హనుమకొండ నుంచి వరంగల్ స్టేషన్‌ దాకా దారి పొడవునా నీడ ఉండాలని సర్కారువారు హుకుం జారీ చేశారు. నీడకు ముందు చెట్లు కావాలని ఎవరో మనవి చేయగా, నూరు వేపమొక్కలు కూడా మంజూరయ్యాయి. పై అధికారికి తీరిక దొరికింది రోహిణి కార్తెలో కనుక, నాటే శుభకార్యం నిప్పులు చెరిగే ఎండలోనే జరిగింది.

మొక్క ఎదగడానికి కావలసినవేమిటో అధికారివారు గంటన్నరసేపు సెలవిచ్చారు. క్రమశిక్షణ, కృతజ్ఞత, సర్కారు మీద విశ్వాసం. సమయాభావం వల్ల నీళ్ల ప్రస్తావన రాలేదు. ఉపన్యాసం సగంలోనే మొక్కలు తలలు వాల్చేశాయి. మాలి కట్టయ్య ప్రాణం ఉసూరుమంది. అధికారివారు మాత్రం వాటి వినయాన్ని మెచ్చుకున్నారు.

వారం తిరక్కుండానే నూరూ ఎండిపోయాయి.

"మూడేండ్లకు తనిఖీకి వస్తా. ఒక్క చెట్టన్న కనబడకపోతే నీ నౌకరీ ఖతం!" అన్నారు అధికారి. కట్టయ్య ఇంట్లో తినేవాళ్లు ఐదుగురు, సంపాదించేది అతనొక్కడే.

మృగశిర చినుకులు పడగానే, ఏ హుకుమూ లేకుండా, కట్టయ్య మొరం తవ్వి, గుంటలో చెరువు మట్టి నింపి ఒక మొక్క నాటాడు. మేకలకు అందకుండా తుమ్మకంప కట్టాడు. ఆ మొక్కకు ఎదురింట్లో ఉండే యాకమ్మ రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసింది. మొక్క ఏపుగా ఎదిగింది. ఆ రోడ్డు మీద ఇంతటి అక్రమం అంతకుముందెన్నడూ జరగలేదు. సర్కారు మొక్కలు మాత్రం ఏటా రోహిణిలో నాటబడి, నిబంధనల ప్రకారం చచ్చిపోయేవి.

మూడో ఏడు అధికారి ఒక విచారణ సంఘాన్ని వెంటబెట్టుకొచ్చారు. సంఘంవారు చెట్టును కొలిచారు, నీడను కొలిచారు, యాకమ్మను అనుమానంగా చూశారు.

"ఇదెట్ల పెరిగింది?" అని అధికారి గర్జించారు.

హుకుం లేకుండా నాటానంటే నౌకరీ పోతుంది. కట్టయ్య చేతులు జోడించాడు.

"మీ మాటలకే పెరిగింది హుజూర్! ఆనాడు ఇది మీకు జర దగ్గరుండె. అన్నీ మంచిగ ఇన్నది."

"మరి నేను పోసిన నీళ్లో?" అంది యాకమ్మ.

"జర ఊకో వదినా, నీకు దండం పెడ్త!" అని కట్టయ్య గొణిగాడు.

కట్టయ్య పెద్ద మాలి అయ్యాడు. ఇకమీదట ప్రతి మొక్కకూ విడివిడిగా ఉపన్యాసం ఇవ్వాలని తీర్మానమైంది. ఏనాడూ మొక్కల దాకా రాని సర్కారు నీళ్ల బండిని రద్దు చేసి, దాని ఎడ్లను అధికారివారి కుర్చీ మోయడానికి కేటాయించారు.

మళ్లీ రోహిణి వచ్చింది. నూరు మొక్కలు ఎండలో నిలబడ్డాయి. అధికారి, పురప్రముఖులు ఆ ఒక్క వేపచెట్టు కింద సర్దుకుని కూర్చున్నారు. మొదటి మొక్కకు ఉపన్యాసం ముగిసింది. తల వాలుస్తున్న మొక్కలను చూడలేక, సిగ్గుతో కళ్లు మూసుకుని, కట్టయ్యే ముందుగా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత కొట్టినవాళ్లలో మీ తాతగారూ ఉన్నారు, మా తాతగారూ ఉన్నారు. నీడలో చోటు దొరికింది కదా, కొట్టక ఏం చేస్తారు?