కుప్పమ్మ మోటారు

రాష్ట్రంలోనే మొట్టమొదటి నేరరహిత గ్రామంగా మా ఊరిని ఈ నెల ఇరవైన ప్రకటిస్తున్నట్టు పార్టీ కార్యదర్శి రత్నస్వామిగారు మైకులో వెల్లడించారు. తిరుత్తణి నుంచి మా ఊరు టౌన్ బస్సులో ముప్పావుగంట. పేరు రాయను. రాస్తే అక్కడేదో జరిగిందనుకుంటారు.

నేరమంటే ఏమిటో కూడా ఆయనే వివరించారు. ఎఫ్.ఐ.ఆర్.లో ఉన్నది నేరం, లేనిది సంఘటన. ఏడాదిగా స్టేషన్‌లో ఒక్క ఎఫ్.ఐ.ఆర్. లేదు. ఇంత సూక్ష్మంగా ఆలోచించే నాయకుణ్ణి నేను చూడలేదు.

నేను స్టేషన్ ఎదుట అర్జీలు రాసేవాణ్ణి. ఆ వారమే కుప్పమ్మ వచ్చింది. ఆమె బావి మోటారును ఎవరో ఎత్తుకుపోయారు. వరి పొట్ట మీద ఉంది. ఇంకో వారం నీళ్లు లేకపోతే గింజ పట్టదు.

‘దొంగిలించారు’ అని రాశాను. ఇన్‌స్పెక్టర్ హేమనాథ్‌గారు మర్యాదగా తిప్పి పంపారు. ‘కనబడుట లేదు’ అని మార్చాను. తప్పిపోవడానికి అదేమన్నా మనిషా అని అడిగారట. మూడోసారి ‘మోటారు బావిని విడిచి వెళ్లినది’ అని రాశాను. దానికి రసీదు ఇచ్చారు. నాలుగుసార్లు చదివాక, అది నిజంగానే అలిగి వెళ్లిందేమోనని నాకూ అనిపించసాగింది.

“దానికి కాళ్లుండాయా తమ్ముడూ?” అంది కుప్పమ్మ.

“రసీదు వచ్చింది కదక్కా.”

ఇరవయ్యో తేదీ సభకు పళ్ళిపట్టు నుంచి కూడా జనం వచ్చారు. వేదిక ముందు రంగుల ఫౌంటెన్ చిమ్ముతోంది. రత్నస్వామిగారు శాంతి గురించి మాట్లాడుతుండగా కుప్పమ్మ ఫౌంటెన్ వెనక్కి వెళ్లింది. అక్కడున్న మోటారు మీద ఆయుధపూజకు తాను దిద్దిన మూడు నామాలు, వాటి కింద మొగుడి పేరు, సుదర్శనం. ఆమె స్విచ్ ఆపి, పైపు పీకి, మోటారుకు తాడు కట్టి ఈడ్చుకుంటూ పొలం దారి పట్టింది. ఫౌంటెన్ ఆగింది. శాంతి కూడా ఆగింది.

పది నిమిషాల్లో ఆమెనూ మోటారునూ పట్టి తెచ్చారు, స్టేషన్‌లో ఎఫ్.ఐ.ఆర్. మొదలైంది. దొంగతనం అనే మాటను ఇన్‌స్పెక్టర్‌గారు ఒక్క కొట్టివేత లేకుండా రాశారు. ఆయన దస్తూరి ఇంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నిందితురాలు, కుప్పమ్మ. సొత్తు యజమాని అనే గడి దగ్గర మాత్రం తలెత్తారు.

“మోటారు ఎవరిది?”

రత్నస్వామిగారు ఫౌంటెన్ కాంట్రాక్టరు వైపు చూశారు. కాంట్రాక్టరు గోడ వైపు చూశాడు.

“నాదే సామీ,” అంది కుప్పమ్మ.

గడి నిండింది. అప్పుడు రత్నస్వామిగారికి ఊరి గౌరవం గుర్తుకొచ్చింది.

“ఇద్దరూ ఈడే ఉండారు గదా. రాజీ చేసి పంపీండి సార్.”

ఎఫ్.ఐ.ఆర్. కాగితం చిరిగింది. ఊరు నిలిచింది. రాజీపత్రం నేనే రాశాను: ‘బాధితురాలు నిందితురాలిని మనస్ఫూర్తిగా క్షమించినది. మోటారు ప్రజల ఆనందార్థం ఫౌంటెన్ వద్దనే ఉండును.’ ఇద్దరి వేలిముద్రలూ పడాలన్నారు.

కుప్పమ్మ రెండు చేతులూ ఇంకుపెట్టె మీదికి చాపి నన్నడిగింది.

“దొంగది ఏ చెయ్యి తమ్ముడూ?”