కనురెప్ప మీద మడత

ఆ రోజు ఉదయం యోన్‌సున్ అనుకున్న పని చాలా మామూలుది. బట్టలు సరిచేసి కుట్టే తన కొట్టుకి సెలవు బోర్డు తగిలించాలి, కూతురు బోరంని క్లినిక్‌కి తీసుకెళ్ళి కళ్ళు పెద్దవిగా కనబడటానికి ఆపరేషన్ చేయించి రెప్పల మీద మడత పెట్టించాలి, సాయంత్రానికల్లా ఇంటికొచ్చి సముద్రపు నాచు సూపు కాచి పెట్టాలి. యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష అయిపోయింది. ఆ చలికాలం దేగు నగరంలో బోరంతో చదివిన ఆడపిల్లల్లో సగం మంది ఇదే చేయించుకుని, వాపు కనబడకుండా నల్ల కళ్ళద్దాలతోనే తిరుగుతున్నారు. బోరం అడగలేదు, తల్లే పట్టుబట్టింది. మడత లేని తన సన్నకళ్ళు పిల్లకి వచ్చాయని, బోరం పుట్టినప్పటినుంచీ యోన్‌సున్‌కి లోలోపల ఒకటే బాధ.

క్లినిక్‌లో అమ్మాయి ఒక సన్నటి తీగతో బోరం రెప్పని నొక్కి, రాబోయే మడత ఎలా ఉంటుందో అద్దంలో చూపించింది. బోరం చాలాసేపు చూసుకుంది.

"బాగానే ఉంది గానీ, ఈవిడెవరో నాకు తెలీదమ్మా. నాకు నీ కళ్ళే ఉండనీ," అంది.

యోన్‌సున్ బతిమాలింది, కసిరింది, చివరికి డాక్టరునే పిలిపించింది. ఆయన అంతా ఓపిగ్గా విని, కూతుర్ని వదిలేసి తల్లి ముఖంలోకి చూడటం మొదలుపెట్టాడు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు నుదురు పైకెత్తుతున్నారా అని అడిగాడు. ఎత్తుతోంది. సాయంత్రానికి తలనొప్పి వస్తోందా? వస్తోంది. పైరెప్ప చర్మం జారి వెంట్రుకల మీద కూర్చుందనీ, అమ్మాయికి అందం కోసం అక్కర్లేదు గానీ ఆవిడకి చూపు కోసం తప్పదనీ తేల్చాడు. బోరం కోసం సిద్ధం చేసిన ఆపరేషన్ బల్ల ఎలాగూ ఖాళీగా ఉంది. బోరం కూడా వంత పాడింది. ఏం జవాబు చెప్పాలో యోన్‌సున్ ఇంకా ఆలోచిస్తూ ఉండగానే ఆమె జుట్టుకి టోపీ తొడిగేశారు.

మత్తు సూది రెప్పల వరకే ఇచ్చారు. తెలివిలోనే ఉండి, తెరవమంటే కళ్ళు తెరిచింది, మూయమంటే మూసింది. నొప్పి లేదు. రోజూ ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లకి తాను చేసే పని తన ముఖానికి ఇంకెవరో చేస్తున్నారని తోచి, కుట్లు కాస్త దగ్గరగా వెయ్యమని చెప్పాలనిపించింది, అంతే. పని ముగిశాక అద్దంలో చూసుకుంటే కళ్ళు బూరెల్లా ఉబ్బి, చుట్టూ వంకాయ రంగు తిరిగి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది వదిన.

వదిన అంటే భర్త తెక్‌సు అక్క, జోంగ్‌నాన్. ఆవిడ కొన్నేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ చేయించుకుంది. పెద్దల తద్దినం నాడు వంటింట్లో అందరూ అట్లు వేస్తుండగా, అమ్మమ్మ కాబోయే వయసులో ఈ కళ్ళు ఎవరికి చూపించడానికి వదినా అని యోన్‌సున్ నలుగురిలో అనేసింది. అందరూ నవ్వారు. జోంగ్‌నాన్ కూడా నవ్వింది గానీ, ఆ తర్వాత మరదలితో కుశలప్రశ్నలు దాటి మాట్లాడలేదు. ఇప్పుడు ఈ ముఖం ఆవిడ కంట పడితే ఇంకేమైనా ఉందా?

అందుకని వాపు తగ్గేదాకా దాచేద్దామని యోన్‌సున్ నిశ్చయించుకుంది. ఆపరేషన్ బోరంకని తాముండే బిల్డింగంతటికీ తెలుసు. ఆ పిల్ల పాత కళ్ళతో ఎదురుపడితే అందరూ ఆరా తీస్తారు. కాబట్టి దాన్ని అటునుంచి అటే పోహాంగ్‌లో ఉన్న స్నేహితురాలింటికి బస్సెక్కించి, తాను ఫోన్ చేసేదాకా ఎవరి ఫోనూ తియ్యొద్దని ఒట్టు వేయించుకుంది.

తెక్‌సు సిటీ బస్సు డ్రైవరు. మాట పొదుపరి. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి ఇల్లు చీకటిగా ఉంది. భార్య నల్లద్దాలు పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. అద్దాల కిందనుంచి చెంపమీదికి ఏదో తడి కారుతోంది. అది కంటి మందు.

"బోరం ఏది?" అని అడిగాడు.

"వెళ్ళింది. కొన్నాళ్ళు దాని సంగతి నన్నడక్కండి."

తెక్‌సు వంటింట్లోకి వెళ్ళాడు. రెండు గిన్నెల్లో నూడుల్స్ చేసి ఒకటి ఆమె ముందు పెట్టి, తనది ముట్టకుండా కూర్చున్నాడు. తెల్లవారాక కూతురికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా తియ్యలేదు. తెక్‌సు కింది అంతస్తులో ఉండే గ్వాక్ ఆవిడ ఇంటి తలుపు తట్టి, పిల్లకి పరీక్ష పోయినట్టుందనీ, ఇల్లు వదిలి వెళ్ళిపోయిందనీ, తన భార్యని కాస్త కనిపెట్టి ఉండమనీ చెప్పి పనికి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి జావ వచ్చింది. జావ వెంట గ్వాక్ ఆవిడ, ఆవిడ వెంట బిల్డింగు ఆడవాళ్ళూ వచ్చారు. అద్దాలు తియ్యమని ఒక్కరూ అడగలేదు. అంత మర్యాదగా గుండ్రంగా కూర్చున్నారు. బోరం బాగానే ఉందని యోన్‌సున్ ఎంత చెబితే వాళ్ళు అంతగా నిట్టూర్చారు.

"ఏడిస్తే తేలికవుతుంది, బోరం అమ్మా. ఏడ్చెయ్," అంది గ్వాక్ ఆవిడ.

ఏడవకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. కానీ ఆ తర్వాత గ్వాక్ ఆవిడ, తన కొడుకు వరసగా పరీక్ష తప్పి గదిలోంచి బయటికి రాని రోజుల గురించి చెప్పింది. తలుపు బయట అన్నం పెట్టి, వాడు తిన్న చప్పుడు వినిపించేదాకా అక్కడే నిలబడేదట. ఇన్నేళ్ళు ఒకే మెట్లెక్కి దిగుతున్నా ఆ సంగతి యోన్‌సున్‌కి తెలియదు. కన్నీళ్ళు ఆగలేదు. ఉప్పునీరు పచ్చి కుట్ల మీద పడగానే ప్రాణం పోయినట్టయి ఒక్క కేక పెట్టింది. ఆ కేక వినగానే బిల్డింగు బిల్డింగంతా బోరం మీద ఆశ వదులుకుంది.

సరిగ్గా ఆ వేళకి తెక్‌సు, ఉద్యోగంలో చేరాక మొదటిసారి డ్యూటీ మధ్యలో సెలవు పెట్టి, పోలీసు ఠాణాలో నిలబడి ఉన్నాడు. పోలీసు ఆనవాళ్ళు రాసుకుంటూ, కళ్ళెలా ఉంటాయని అడిగాడు.

"తెలీదండీ. నిన్ననే మార్పించుకుంది. నేనింకా చూళ్ళేదు," అన్నాడు తెక్‌సు.

అంతకుముందే అక్కకి ఫోన్ చేశాడు. జోంగ్‌నాన్ వచ్చింది. రాగానే అందరినీ మెల్లిగా సాగనంపి, తలుపు గడియ వేసి, మరదలి ఎదురుగా కూర్చుని ఆ నల్లద్దాలు తీసింది. యోన్‌సున్ తల వంచుకుని, తానన్న ఆ మాటే తిరిగి ఎప్పుడొచ్చి పడుతుందా అని కాచుకుంది.

"తల వంచకు, వాపు దిగదు. ఎత్తు దిండు వేసుకో. గుమ్మడికాయ రసం తాగుతున్నావా?" అంది జోంగ్‌నాన్.

"వదినా, ఆ రోజు నేను..."

"నాకు కుట్లు వారానికే ఊడాయి. నీ మాటే ఇన్నాళ్ళు పట్టింది." ఆవిడ లేచి జావ గిన్నె పక్కకి పెట్టి, శుభ్రమైన గుడ్డ తడిపి తెచ్చింది. "ఊరికే కారనియ్యకు. ఇలా, ఒత్తకుండా తుడుచుకోవాలి."

ఆ తర్వాత బోరం ఎక్కడుందో కనుక్కుని తమ్ముడికి ఫోన్ చేసింది. పిల్ల వాపు దిగేదాకా స్నేహితురాలింట్లో క్షేమంగా ఉంటుందనీ, పెళ్ళానికి కళ్ళకలక వచ్చిందనీ, అది అంటుకుంటుంది గనక ఎవరినీ గుమ్మం తొక్కనివ్వొద్దనీ చెప్పింది. ఆ కబురు తెలియగానే బిల్డింగు ఆడవాళ్ళందరూ ఎవరింట్లో వాళ్ళు ఉప్పునీళ్ళతో కళ్ళు కడుక్కున్నారు. పాపం గ్వాక్ ఆవిడ ఎంత గట్టిగా రుద్దుకుందంటే, ఆవిడ కళ్ళు నిజంగానే ఎర్రబడ్డాయి.

యోన్‌సున్ వాపు తగ్గాక బోరం తిరిగొచ్చింది. మార్కులు కూడా అనుకున్నదానికంటే మెరుగ్గానే వచ్చాయి. తల్లి ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, ఆ పాత కళ్ళు ఇప్పుడు తన ఒక్కదాని దగ్గరే ఉన్నాయనీ, జాగ్రత్తగా చూసుకుంటాననీ అంది. ఎన్నాళ్ళుగానో ఉన్న ఆ బాధ యోన్‌సున్ గుండెలోంచి అప్పుడు దిగింది. ఇక భర్తకి నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా.

తెక్‌సు కూతుర్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతుర్లో నిలబెట్టి, రెప్పలు ఒకటికి రెండుసార్లు పరీక్షించాడు. కూతురి తల నిమిరాడు.

"ఎంత బాగా చేశాడు. ఎక్కడా చెయ్యి పెట్టినట్టే లేదు."

అతని సంతోషం చూసి తల్లీకూతుళ్ళిద్దరూ ఊరుకుండిపోయారు. బిల్డింగులో అందరూ వచ్చి చూసి అదే మాటన్నారు. ఇంత సహజంగా కుదిరిన పని తామెక్కడా చూడలేదన్నారు. యోన్‌సున్ కళ్ళు ఎవరూ గమనించలేదు. భార్య ఈ మధ్య తనవంక కోపంగా చూడటం మానేసిందని మాత్రం తెక్‌సు డ్రైవర్ల దగ్గర చెప్పుకున్నాడు.

వసంతం వచ్చేలోగా ఆ బిల్డింగు పిల్లలు చాలామంది అదే డాక్టరు దగ్గరికి వెళ్ళి, బోరం కళ్ళలాంటి కళ్ళు కావాలని అడిగారు. ఆయన ఒక్కొక్కరికీ అద్దంలో వాళ్ళ మడత లేని కళ్ళే చూపించి పంపించేశాడు.